పద్దెనిమిదేళ్లతో తీరిపోని బాధ్యత

పదకొండేళ్ల క్రితం మడికొండలో ఒక జంట విడిపోయినప్పుడు పెద్దలు కూర్చుని ఒప్పందం కుదిర్చారు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి కనుక కాగితం రాసే పని నాకు అప్పగించారు. అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండే వరకు తండ్రి నెలనెలా పోషణ భృతి చెల్లించవలెనని రాశాను. పకడ్బందీగా రాశాననే తృప్తితో ఇంటికి వచ్చాను.

గత నెలలో ఆ తల్లి అదే కాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. అబ్బాయి పాలిటెక్నిక్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. పద్దెనిమిది నిండిన నెల నుండే డబ్బు ఆగిపోయింది. కుట్టుమిషన్ మీద వచ్చే సంపాదన ఇంటి అద్దెకే చాలడం లేదు. కాలేజీ మాని మెకానిక్ షెడ్డులో చేరతానని కొడుకు అంటున్నాడు. తండ్రిని అడిగితే, "కాగితంలో ఉన్నంత వరకు ఇచ్చాను కదా, చాచా" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. లోపం నా కలంలోనే ఉంది.

ఈ పద్దెనిమిది అంకె ఎక్కడిది? 1875 నాటి మెజారిటీ చట్టం నిర్ణయించిన వయసు అది. భార్యాబిడ్డల పోషణకు ఆధారమైన నేర శిక్షాస్మృతి 125వ సెక్షన్ 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా మారింది. సెక్షన్ మారినా సూత్రం మారలేదు. శారీరక, మానసిక వైకల్యం ఉంటే తప్ప, మేజరైన కొడుకు తండ్రి నుండి భృతి కోరే హక్కును ఆ సెక్షన్ ఇవ్వదు. చదువుల లెక్క మాత్రం వేరు. పదహారేళ్లకు పదవ తరగతి ముగించినవాడికి డిప్లొమా చేతికి వచ్చేసరికి పందొమ్మిది, డిగ్రీ అయ్యేసరికి ఇరవై ఒకటి వస్తాయి. మైనారిటీ గురుకులాలు ఇంటర్ వరకు భోజనం, వసతి ఇచ్చి చదివిస్తున్నాయి. ఆ తరువాత హాస్టలు, బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజుల భారమంతా ఒక్కసారిగా తల్లి మీద పడుతుంది. ఖర్చు పెరిగే ఏడాదే ఆదరువు ఆగిపోతున్నది.

న్యాయస్థానాలు ఈ కష్టాన్ని కొంతవరకు గుర్తించాయి. తలాఖ్ పొందిన స్త్రీల కోసం 1986లో వచ్చిన చట్టం పిల్లల హక్కును హరించదని సుప్రీంకోర్టు 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో తేల్చింది. ముస్లిం పిల్లలు కూడా 125వ సెక్షన్ కింద తండ్రి నుండి పోషణ పొందవచ్చుననీ, ఆడపిల్లలకు ఈ హక్కు పెళ్లయ్యేంత వరకు ఉంటుందనీ చెప్పింది. 2021లో మరొక కేసులో, కొడుకు మొదటి డిగ్రీ పూర్తిచేసే వరకు భృతి ఇవ్వాలని ఒక తండ్రిని అదే కోర్టు ఆదేశించింది. అయినా మేజరైన ప్రతి విద్యార్థికీ ఇది దానంతటదే దక్కే హక్కు కాలేదు. కేసు కేసుకూ కోర్టు మెట్లు ఎక్కవలసిందే.

మరి మనం నమ్మిన షరీఅత్ ఏమంటున్నది? బఖరా సూరా 233వ ఆయత్ పోషణ భారాన్ని తండ్రిపై ఉంచింది. భర్త సరిపడా ఇవ్వడం లేదని అబూ సుఫ్యాన్ భార్య హింద్ మొరపెట్టుకున్నప్పుడు, తనకూ పిల్లలకూ చాలినంత, మారూఫ్ ప్రకారం, అతని సొమ్ము నుండి తీసుకోవచ్చునని దైవప్రవక్త (స) అనుమతించారు. మారూఫ్ అంటే ఆ కాలంలో, ఆ సమాజంలో సముచితమని అందరూ ఒప్పుకునేది. కుమార్తె నఫఖా పెళ్లి వరకు తండ్రిదేనని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. కుమారుడు సంపాదించగలిగినప్పుడు తండ్రి బాధ్యత తీరుతుందంటూనే, శ్రద్ధగా విద్యార్జనలో ఉండి సంపాదనకు వీలులేనివాణ్ణి అందులోనుండి మినహాయించారు. ఆనాడు వారి దృష్టిలో ఉన్నది ప్రధానంగా ధార్మిక విద్యే కావచ్చు. కానీ చేతికి ఒక డిప్లొమా, ఒక డిగ్రీ లేనిదే బతుకుతెరువు దొరకని ఈ కాలంలో, ఆ చదువు మారూఫ్‌లో భాగం కాదని ఎవరు అనగలరు?

తండ్రుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వారిలో ఆటో నడిపేవారు, కూలి పని చేసేవారు, రెండవ సంసారం మోస్తున్నవారు ఉన్నారు. స్తోమతును బట్టే ఖర్చు చేయాలని తలాఖ్ సూరా 7వ ఆయత్ చెబుతున్నది. కనుక శక్తికి మించి అడగరాదు. చదువు పేరుతో కాలక్షేపం చేసే కొడుకును పోషించమనీ అడగరాదు. కానీ స్తోమత తక్కువైతే మొత్తం తగ్గాలి. బాధ్యత పూర్తిగా తొలగిపోరాదు.

కనుక తలాఖ్, ఖులా ఒప్పందాలు రాసే ఖాజీలకు, మసీదు కమిటీలకు మా మనవి. "పద్దెనిమిదేళ్లు నిండే వరకు" అనే మాట దగ్గర కలం ఆపకండి. కుమారుడికి మొదటి డిగ్రీ లేక డిప్లొమా పూర్తయ్యే వరకు, కుమార్తెకు వివాహం వరకు అని రాయండి. రెండు మూడేళ్లకు ఒకసారి మొత్తం పెంచాలని రాయండి. డబ్బు తల్లి చేతికి ఇవ్వడానికి మనసొప్పని తండ్రి ఫీజును నేరుగా కాలేజీకే కట్టవచ్చునని కూడా చేర్చండి. తల్లులు బిడ్డకు పద్దెనిమిది నిండక ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవాలి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఇక జకాత్ నిధి నుండి ఫీజు కట్టే ముందు, తండ్రి బతికి ఉండి సంపాదిస్తున్నాడా అని మహల్లా పెద్దలు విచారించాలి. అతను తప్పించుకున్న బాధ్యతను అనాథల సొమ్ముతో పూడ్చడం న్యాయం కాదు.

మొన్న జుమా నమాజు తరువాత ఆ తండ్రితో కూర్చున్నాం. పరీక్ష ఫీజు కడతానన్నాడు. నెలవారీ భృతి సంగతి ఇంకా తేలలేదు. అబ్బాయి ప్రస్తుతానికి కాలేజీకి వెళుతున్నాడు. వచ్చే వారం మళ్లీ కూర్చుంటాం. ఒప్పుకుంటే కొత్త కాగితం నేనే రాస్తాను. అందులో వయసు రాయను, చదువు రాస్తాను.

మన బిడ్డల విషయంలో మన బాధ్యతను నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.