పాత బండిని కోయొద్దు

1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ భద్రాచలం దగ్గర గోదావరి వంతెనను ప్రారంభించారు. అంతవరకు ఖమ్మం వైపు నుంచి రాములవారి దర్శనానికి వెళ్లేవారు పడవ ఎక్కి గోదావరి దాటాల్సిందే. వంతెన వచ్చాక కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, చింతూరు ఒకే దారి మీదికి వచ్చాయి. మన దేశంలో మోటార్‌సైకిళ్ల తయారీ ఊపందుకున్నదీ ఆ రోజుల్లోనే. మద్రాసు శివారు తిరువొత్తియూరులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. సరిహద్దు గస్తీ కోసం సైన్యం ఇచ్చిన 800 బుల్లెట్ల ఆర్డరే దానికి పునాది. 1961లో మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ నుంచి జావాలు బయటికొచ్చాయి. ఆ మరుసటి ఏడాది పోలండ్ నమూనా ఆధారంగా ఎస్కార్ట్స్ రాజ్‌దూత్‌ను తెచ్చింది.

కొత్త వంతెన మీద అప్పట్లో గోదావరి దాటిన బండి ఇంకా నిలిచి ఉంటే, దాని వయసు ఇప్పుడు అరవై పైమాటే. అలాంటి బండ్ల మీద కుర్రకారుకు మళ్లీ మోజు పెరిగింది. తాతల నాటి బుల్లెట్లు, పశువుల కొట్టంలో మూలన పడ్డ యెజ్డీలు, రాజ్‌దూత్‌లు షెడ్డుకు చేరుతున్నాయి. ఇది సంతోషించాల్సిన విషయం. కానీ షెడ్డుకు చేరిన ప్రతి బండీ బతికి బయటపడటం లేదు. కొన్నింటికి మరమ్మతు జరుగుతుంటే, మరికొన్నింటికి వెనక ఫ్రేమును గ్యాస్ కట్టర్‌తో కోసి, మడ్‌గార్డులు పీకేసి, లావు టైర్లు, మోత సైలెన్సర్లు తగిలిస్తున్నారు. కోసిన ఫ్రేము మళ్లీ పాత ఫ్రేము కాదు. అరవై ఏళ్ల వస్తువు ఒక్క పూటలో పోతుంది.

పాత బండిని నిలబెట్టడమంటే రంగు వేయడం కాదు. ముందు కాగితాలు చూడాలి. ఛాసిస్ మీద, ఇంజిన్ మీద కొట్టిన నంబర్లు ఆర్‌సీలో ఉన్నవాటితో కలవాలి. తర్వాత విప్పే ప్రతి ముక్కకూ ఫొటో తీసుకోవాలి. పాత బుల్లెట్ ఇంజిన్ 346 సీసీ. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. హెడ్డు దింపి బోరు అరుగుదల కొలిచాకే లేత్‌కు పంపాలా, రింగులు మారిస్తే చాలా అన్నది తేలుతుంది. బోరు చేయించిన ప్రతిసారీ లోపలి ఇనుము కొంత పోతుంది. ఆ మేరకు పెద్ద పిస్టన్ వేయాలి. ఇలా ఎన్నిసార్లయినా చేయడానికి కుదరదు. కాబట్టి కొలవకుండా బోరుకు ఇచ్చేయడమంటే బండి ఆయుష్షు కోయడమే. కాంటాక్ట్ పాయింట్ల మధ్య ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. అది తప్పితే ఎంత కిక్కు కొట్టినా వృథా.

కిక్కు కొట్టడం కూడా ఒక విద్యే. పాత బుల్లెట్‌కు అమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా మెల్లగా తొక్కి, డీకంప్రెషన్ లివరు నొక్కి పిస్టన్‌ను కాస్త దాటించి, అప్పుడు నిండుగా ఒక్క తొక్కు తొక్కాలి. దాని గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. జావా, యెజ్డీలకు ఒకే లివరు ముందు కిక్కుగా, తర్వాత గేరుగా పనిచేస్తుంది. ఇంజిన్‌కు ఒకటే సిలిండర్, అయినా సైలెన్సర్లు రెండు. ఈ తేడాలన్నీ తెలిసిన మేస్త్రుల్లో చాలామంది ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్లు నేర్చుకున్నది పుస్తకం చదివి కాదు. గురువు పక్కన కూర్చుని, చేతులు నల్లగా చేసుకుని నేర్చుకున్నారు.

తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బుల్లెట్ ట్యాంకు మీది బంగారు గీతలను కుమార్ సోదరులు స్కేలు, స్టెన్సిల్ లేకుండా కుంచెతో, చేత్తోనే గీస్తారని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. అలాంటి గీత ఉన్న అసలు ట్యాంకు దొరికితే దాన్ని గీకి మెరుపు స్టిక్కర్ అంటించడం తెలియక చేసే నష్టం. ఆ రంగు వెలిసినా సరే, అలాగే ఉంచి లోపలి తుప్పు మాత్రం తీయించడం మేలు.

బండి అసలు రూపాన్ని మార్చొద్దని చట్టం కూడా చెబుతోంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించి, ఆర్‌సీకి ఎక్కిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఇలాంటి మార్పు ఒక్కోదానికి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్న నిబంధన చేరింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్‌లో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. అలాంటి బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. ముందే రిజిస్టరై ఉన్న బండి పాత నంబరును అట్టే పెట్టుకోవచ్చు. అంటే మోజు కొద్దీ ఫ్రేము కోయించిన యజమాని, వింటేజ్ గుర్తింపును కూడా అక్కడే పోగొట్టుకుంటున్నాడు.

పాత నంబరుకూ విలువ ఉంది. ఏపీ 20 ఉమ్మడి ఖమ్మం జిల్లా నంబరు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఖమ్మానికి టీఎస్ 04, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడ్డాక అక్కడ టీఎస్ 28, 2024 నుంచి టీజీ. 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాయి. ఈ చరిత్రంతా ఒక్క నంబరు ప్లేటులో కనిపిస్తుంది.

అలాగని ఏ మార్పూ చేయొద్దనడం మొండితనమవుతుంది. పాత జావా కరెంటు ఆరు వోల్టులది. ఆ దీపం వెలుతురుతో అడవి దారిలో రాత్రి ప్రయాణం ప్రాణాంతకం. దాన్ని 12 వోల్టులకు మార్చుకోవడం, ఇండికేటర్లు పెట్టుకోవడం, బ్రేకు షూలకు మంచి లైనింగు వేయించడం తప్పు కాదు, అవసరం. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. కాబట్టి పెట్రోలు పైపులు, వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునేవి వేసుకోవాలి. బండి నెలల తరబడి నిలబెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలి.

ఒక మార్పు మంచిదా కాదా తేల్చడానికి ఒకటే ప్రశ్న చాలు: రేపు దాన్ని తీసేస్తే బండి మళ్లీ అసలు రూపానికి వస్తుందా? వైరింగు మారిస్తే వస్తుంది. పాత డైనమోను పారేయకుండా అట్టపెట్టెలో దాచి ఉంచితే ఇంకా మంచిది. ఫ్రేము కోస్తే రాదు. మోత సైలెన్సర్ విషయం వేరే. దాన్ని తీసేయగలిగినా, ఊరికీ అడవికీ నిద్ర లేకుండా చేసే హక్కు ఎవరికీ లేదు.

అవసరం కోసం బండిని మలచడం ఎంత గొప్ప పనో చూడాలంటే అడవి సరిహద్దు అవతలికి చూస్తే చాలు. ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ జిల్లాలో 2014లో మోటార్‌సైకిళ్లకు పక్కన తొట్టి బిగించి, గర్భిణులను ఆసుపత్రికి చేర్చే అంబులెన్సులుగా మార్చారు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన ప్రాంతాల్లో ఫీడర్ అంబులెన్సుల పేరుతో బైకులను దించింది. కారు వెళ్లని దారిలో ఆ బండ్లు మనుషుల ప్రాణాలు కాపాడాయి. కస్టమైజేషన్ మీద మనసున్న యువకులు నేర్చుకోదగ్గ పని ఇది.

ఇక ప్రభుత్వాల వంతు. ఇప్పటి వింటేజ్ నియమం ర్యాలీలకు, ప్రదర్శనలకు సరిపోతుంది. దాని కింద నమోదైన బండిని రోజువారీ పనికి నడపకూడదు. పైగా కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000 కట్టాలి. యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. వాటిలో ఎక్కువ బండ్లు ఇంకా 50 ఏళ్లకు చేరలేదు. అవి కొత్తవీ కావు, వింటేజీ కావు. 20 ఏళ్లు దాటిన బైకుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2025లో రూ.2,000 చేశారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫివా’ 30 ఏళ్లు దాటి, అసలు రూపం నిలుపుకున్న వాహనాన్ని చారిత్రకమైనదిగా పరిగణిస్తోంది. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండికి ఏటా చేసే తనిఖీ నుంచి మినహాయింపు ఉంది. ఇక్కడ కూడా 30 నుంచి 50 ఏళ్ల మధ్య బండ్లకు ఒక వారసత్వ తరగతి పెట్టాలి. అసలు రూపం, పొల్యూషన్ సర్టిఫికెట్, పరిమిత ప్రయాణం షరతులుగా పెట్టి, ఫీజు తగ్గించాలి. 2000 మార్చి 31 దాకా తయారైన ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 4.5 శాతమని నిబంధనల్లో ఇప్పటికే ఉంది. సరిగ్గా ట్యూన్ చేసిన పాత ఇంజిన్ దాన్ని అందుకోగలదు.

తెలంగాణ ప్రభుత్వం రూ.2,324 కోట్లతో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టింది. రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాలు నేర్పడం మంచిదే. ఉమ్మడి ఖమ్మం ఐటీఐల్లో ఒక పాత బుల్లెట్ ఇంజిన్, ఒక టూ స్ట్రోక్ ఇంజిన్ కూడా బల్ల మీద పెట్టి, స్థానిక పెద్ద మేస్త్రులను గౌరవ వేతనంతో అతిథి బోధకులుగా పిలిస్తే పెద్ద ఖర్చు కాదు. భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ కోయ యువకుల కోసం ఇలాంటి స్వల్పకాలిక కోర్సు నడపవచ్చు.

దీని అవసరం గోదావరే చూపిస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. వరదలో మునిగిన బండిని తెలియక కిక్కు కొడితే లోపలి ఒండ్రు బేరింగులను, బోరును తినేస్తుంది. ముందు ప్లగ్గు విప్పాలి, ఇంజిన్ ఆయిల్, పెట్రోలు వంపేయాలి, కార్బొరేటర్ విప్పి కడగాలి, కొత్త ఆయిల్ పోశాకే ఇంజిన్ తిప్పి చూడాలి. పాత బండ్లను విప్పి బిగించిన చేతులకు ఇది అలవాటైన పని. తదుపరి వరదలోగా లోతట్టు మండలాల్లో ఈ పని తెలిసిన యువకులు తయారు కావాలంటే, ఆ కోర్సులు ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.