జడుపు తీయడానికి బడి కూల్చారు

2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బాలాసోర్ జిల్లా, బహనాగా బజార్ స్టేషన్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి మళ్ళి, అక్కడ ఆగివున్న గూడ్సును గుద్దింది. మన విశాఖ, రాజమండ్రి, బెజవాడల మీదుగా చెన్నై పోయే బండే అది. ఎదురు లైన్లో పోతున్న బెంగళూరు-హౌరా రైలు చివరి పెట్టెలు కూడా ఆ దెబ్బకు పడిపోయాయి. 290 మందికి పైగా పోయారు. అన్ని శవాలు పెట్టడానికి చోటు లేక దగ్గర్లో ఉన్న హైస్కూలు గదుల్లో వరసగా పడుకోబెట్టారు. తర్వాత భువనేశ్వర్ తరలించారు, గదులు శుభ్రం చేశారు. సెలవులయ్యాక రావాల్సిన పిల్లలు మాత్రం ఆ గదుల్లోకి అడుగు పెట్టబోమన్నారు. పంపబోమని తల్లిదండ్రులన్నారు. ఆత్మలు తిరుగుతున్నాయన్న మాట ఊరంతా పాకింది. ప్రమాదం జరిగిన వారానికి, జూన్ 9న, బడి కూల్చడం మొదలుపెట్టారు.

అది చాలా పాత భవనం. కూల్చి కొత్తది కట్టడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ దాని వయసు వల్ల కాదు, దాని మీద పడిన నీడ వల్ల కూలింది. ఆ బడి పెద్ద పిల్లల్లోనే కొందరు, ఎన్‌సీసీ కేడెట్లు, ఆ రాత్రి సహాయానికి పరుగెత్తారని కూడా పత్రికల్లో వచ్చింది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. దయ్యాల సంగతి మాత్రం దేశమంతా చదివింది.

అదే వారంలో, అదే ప్రమాదం గురించి మరో మాట బయటికొచ్చింది. జాతీయ విపత్తు స్పందన దళం అప్పటి అధిపతి అతుల్ కర్వాల్ చెప్పారు: సహాయ పనుల్లో దిగిన తమ వాళ్ళలో ఒకరికి నీళ్ళు చూస్తే రక్తంలా కనిపిస్తున్నాయని, మరొకరికి ఆకలి వేయడం లేదని. తిరిగొచ్చిన వాళ్ళకు కౌన్సెలింగ్ ఏర్పాటు చేశామని కూడా అన్నారు. నీళ్ళు రక్తమై కనిపించాయని మన ఊళ్ళో ఎవరైనా అంటే ఏం చేస్తాం? చీకటి పడకముందే భూతవైద్యుడికి కబురు పెడతాం. యూనిఫారం వేసుకున్నవాడికి వస్తే మానసిక ఒత్తిడి, లుంగీ కట్టుకున్నవాడికి వస్తే గాలి!

మన పల్లెలు ఈ స్థితిని ఎప్పుడో కనిపెట్టాయి. పేరు కూడా పెట్టాయి: జడుపు. పిల్లాడు నిద్రలో ఉలిక్కిపడి లేస్తాడు, అన్నం సహించదు, పిలిస్తే పలకడు, చూపు ఎటో ఉంటుంది, ఒళ్ళు వెచ్చబడుతుంది. ఏదో చూసి దడుచుకున్నాడని చెప్పడానికి మా అమ్మమ్మకు డాక్టరు అక్కర్లేదు. ఆ పరిశీలనలో దోషం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలో తీవ్ర ఒత్తిడి ప్రతిస్పందన కింద రాసినవి చాలావరకు అవే: గుండెదడ, చెమటలు, దిగ్భ్రమ, ఏడుపు లేదా అసలు ఏడుపే రాకపోవడం, తానెక్కడున్నాడో తెలియనట్టు ఉండటం. కొత్త వర్గీకరణలో దాన్ని జబ్బుల జాబితాలోంచే తీసేశారు. ఘోరం చూసిన మనిషికి అలా అవడం సహజం, సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుందని వాళ్ళ ఉద్దేశం. మూడు రోజులు దాటి నెలలోపు విడవకుండా పీడిస్తే అమెరికా మానసిక వైద్యులు దానికి వేరే పేరు పెడతారు. నెల దాటినా అదే దృశ్యం కళ్ళముందు ఆడుతూ, ఆ దారి తొక్కడానికే భయపడుతూ, చిన్న చప్పుడుకే అదిరిపడుతూ బతుకు సాగకపోతే అప్పుడది పీటీఎస్‌డీ. దానికి వైద్యం కావాలి, ఉంది కూడా.

జడుపును అమ్మమ్మ సరిగ్గానే గుర్తుపట్టింది. గొడవంతా కారణం దగ్గర వచ్చింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఊరి పంటకాలువ రేవులో మునిగిపోయిన మనిషిని ఒడ్డుకు లాగుతుంటే చూశాను. పెద్దవాళ్ళు తరిమేలోపే చూశాను. ఆ మనిషి ముఖం ఇప్పుడు గుర్తులేదు. కాలి పిక్కకు చుట్టుకున్న గుర్రపుడెక్క తీగ మాత్రం గుర్తుంది. వారం రోజులు నిద్రలేదు. తడిసిన గడ్డి వాసన తగిలితే కడుపులో దేవేది. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టని అమ్మమ్మ లెక్క. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళు తిప్పి మూడు దారుల కూడలిలో పారబోశారు. సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళకు అమ్మ నన్ను మసీదు మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. మా పేటలో హిందువుల పిల్లలు కూడా అక్కడ వరసలో నిలబడేవాళ్ళు. నమాజు ముగించి వచ్చిన పెద్దమనిషి ఏదో చదివి ముఖం మీద ఊదాడు. మొలతాడుకు రాగి తాయెత్తు కట్టాడు. మూడు శుక్రవారాలు తీసుకురమ్మన్నాడు.

మూడో శుక్రవారానికి నేను మామూలయ్యాను. తాయెత్తు గెలిచింది.

కిటుకంతా ఇక్కడే ఉంది. ఘోరం చూసినవాళ్ళలో ఎక్కువమంది తాయెత్తు కట్టినా కట్టకపోయినా కొద్ది రోజుల్లో, కొద్ది వారాల్లో కుదురుకుంటారు. మూడు శుక్రవారాలంటే దాదాపు మూడు వారాలు. దానంతటదే తగ్గే దానికి గడువు పెట్టి, తగ్గినప్పుడు ఫీజు తీసుకోవడమే మంత్రగాడి తెలివి. తగ్గకపోతే? గట్టి దయ్యం. పాటించడంలో ఇంట్లోవాళ్ళ లోపం. మైల. ఇక అక్కణ్ణుంచి వేపమండలు, మిరపపొగ, దెబ్బలు. మొదటి కొద్ది వారాలు ఉత్త ఖర్చుతో పోయేది, ఆ తర్వాత హింస అవుతుంది. నిజంగా డాక్టరు కావాల్సిన ఆ నూటికి కొద్దిమందే ఈ రెండో దశలో చిక్కుతారు. నా అభ్యంతరం తాయెత్తు రాగి మీద కాదు, అది తినేసే నెలల మీద.

అయితే ఇదే గీటురాయి చదువుకున్న మనవాళ్ళ మీదా గీసి చూడాలి. లేకపోతే హేతువాదం ఇంకో మతమవుతుంది.

ఇంటాయన హఠాత్తుగా పోతే భార్య రాయిలా కూర్చుంటుంది. కన్నీరు రాదు. వచ్చిన ఆడవాళ్ళు ఆమె భుజాలు పట్టి కుదుపుతారు: "ఏడువమ్మా, ఏడువు, గుండె పగిలిపోతుంది." లోపలున్నది కక్కితేగానీ భారం దిగదని నమ్మకం. దీన్ని మూఢనమ్మకమని ఎవరూ అనరు, ఎందుకంటే చదువుకున్నవాళ్ళ నమ్మకం కూడా ఇదే. 1983లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికన్ దీన్నొక పద్ధతిగా మలిచి డీబ్రీఫింగ్ అన్నాడు. అగ్నిమాపక సిబ్బంది లాంటివాళ్ళను ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే కూర్చోబెట్టి ఏం చూశారో, ఏమనిపించిందో వరసగా చెప్పించడం. ప్రపంచమంతా పాకింది. చెప్పినవాళ్ళు తేలికపడ్డామన్నారు, చెప్పించినవాళ్ళు పనిచేస్తోందన్నారు. మా మసీదు మెట్ల దగ్గరా అదే మాట వినిపించేది.

తేడా ఏమిటంటే, వీళ్ళను ఎవరో పరీక్షకు పెట్టారు. బ్రిటన్లో కాలిన గాయాలతో వచ్చిన 133 మందిని చీట్లు వేసినట్టు రెండుగా విడదీసి, ఒక భాగానికే డీబ్రీఫింగ్ చేశారు. ఫలితాలు 1997లో వచ్చాయి. పదమూడు నెలల తర్వాత చూస్తే డీబ్రీఫింగ్ జరిగినవాళ్ళలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది. ఏమీ చేయనివాళ్ళలో 9 శాతం మందికే. మొదటి జట్టులో గాయాలు కాస్త పెద్దవి కాబట్టి ఆ తేడా మొత్తం డీబ్రీఫింగ్ నెత్తిన రుద్దలేం. కానీ తర్వాత ఇలాంటి పరీక్షలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష కూడా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం పీటీఎస్‌డీని ఆపదని, బలవంతంగా చేయడం మానేయాలని తేల్చింది. పద్ధతి వెనక్కి తగ్గింది. తాయెత్తును ఇలా ఎవరైనా వెనక్కి తీసుకున్నారా?

మన పరామర్శలు మాత్రం డీబ్రీఫింగే. వచ్చిన ప్రతివాడూ "అసలెలా జరిగిందమ్మా?" అని మొదటినుంచీ చెప్పిస్తాడు. నలభై మంది వస్తే నలభైసార్లు. టీవీ మైకు నలభై ఒకటోది.

ఇంకొకటుంది, ఇది మరీ గౌరవంగా తిరుగుతుంది: నిద్ర ఇంజెక్షన్. కుర్రాడు వణుకుతుంటే ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి "కాస్త పడుకోనివ్వండి" అని సూది వేస్తాడు. ఘటన జరిగిన మొదటి నెలలో ఈ ఒత్తిడి లక్షణాలు తగ్గించడానికి ఆ రకం మత్తుమందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. సూదిలో ఉన్నంత మాత్రాన నమ్మకం శాస్త్రమైపోదు.

మరి చేయాల్సిందేమిటి? నేను చూసిందే చెబుతాను. ఒకసారి బస్సు బోల్తా పడ్డ రాత్రి ఒక ఆస్పత్రి వరండాలో ఉన్నాను. ఒకావిడ గాయం లేకుండా బయటపడింది. అయినా ఎడమకాలి చెప్పు కోసం బల్లల కింద వెతుకుతూనే ఉంది. చెప్పు కాలికే ఉంది. ఎవరో "పాపం, మతి పోయింది" అన్నారు. ఊడుస్తున్న ఆయా చీపురు గోడకు ఆనించి వచ్చి ఆమె పక్కనే గొంతుకూర్చుంది. ఏం జరిగిందని అడగలేదు. గ్లాసుతో నీళ్ళిచ్చి, "మెల్లగా తాగమ్మా, ఇది ఆస్పత్రి, నువ్విక్కడ బాగానే ఉన్నావు" అంది. చన్నీళ్ళు కదా, గ్లాసు రెండు చేతులా పట్టుకోమంది. కాళ్ళు నేల మీద ఆనించమంది. కాసేపటికి "ఎవరికి ఫోన్ చేయాలమ్మా?" అని అడిగింది. ఆవిడ ఒక నంబరు చెప్పింది. మూడుసార్లు తప్పు చెప్పింది, నాలుగోసారి కలిసింది. అన్న వచ్చేదాకా ఆయా కదల్లేదు. మధ్యలో ఆవిడ తనంతట తానే రెండు మాటలు చెబితే విన్నది. అంతకుమించి తవ్వలేదు.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక ప్రథమ చికిత్స మీద ఒక చేతిపుస్తకం వేసింది. దాని సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు. ఆ ఆయా ఆ పుస్తకం చదివివుండదు. కానీ ఒక్క మాట కూడా తప్పలేదు.

ఇలాంటి మనిషి పక్కనుంటే చాలామందికి చాలు. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, చచ్చిపోతానన్నా, చంటిబిడ్డను కూడా పట్టించుకోకపోయినా నెల దాకా ఆగనక్కర్లేదు, ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

బహనాగా పిల్లల దగ్గరికి మళ్ళీ వస్తాను. వాళ్ళ భయం అబద్ధం కాదు. "దయ్యాల్లేవు, పొండి" అని గద్దించే హేతువాది వాళ్ళకు మంత్రగాడి కంటే ఎక్కువేమీ ఇవ్వడు. కానీ భయపడ్డ చోటునుంచి ఎంత తప్పించుకుంటే భయం అంత బలుస్తుంది. మెల్లగా, తోడుతో, ఆ చోటికి మళ్ళీ నడిపించడమే పీటీఎస్‌డీకి ఈనాడు గట్టిగా నిలబడ్డ వైద్యాల్లో ఒక ముఖ్య భాగం. తల్లుల్ని వెంటబెట్టుకుని మొదటిరోజు గేటు దాకా, మర్నాడు వరండా దాకా వెళ్ళుంటే? ఆ రాత్రి సాయం పట్టిన పెద్ద పిల్లల్నే ముందు నడిపిస్తే? గోడలు కూల్చడంతో ఆ అవకాశం పోయింది. పైగా భయపడ్డది సబబేనని సర్కారు ముద్ర వేసినట్టయింది.

మా నాన్నకు ఈ వైద్యాలేవీ తెలియవు. తాయెత్తు కట్టిన మర్నాటి నుంచి పొలానికి పోతూ నన్ను సైకిల్ ముందుకడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాడు. దారి కాలువ గట్టు మీదుగానే. రేవు దగ్గర దిగి బీడీ వెలిగించేవాడు, నేను ఆయన చొక్కా పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆయనేమీ అనేవాడు కాదు. కొన్నాళ్ళకు చొక్కా వదిలేశాను. మరుసటి వేసవిలో అదే రేవులో ఈత కొడుతుంటే మొలతాడు తెగి తాయెత్తు నీళ్ళలో పోయింది. అమ్మకు చెప్పలేదు.