సాఫ్ట్‌వేర్ పేటెంట్లపై స్వతంత్ర ప్రోగ్రామర్ల ప్రణాళిక

ప్రోగ్రాము రాసినవారికి దానిపై హక్కు ఉండాలన్న విషయంలో ఈ ప్రణాళికను ప్రకటిస్తున్న స్వతంత్ర ప్రోగ్రామర్లకు ఎటువంటి సందేహమూ లేదు. భారతదేశంలో 1984 సవరణ తర్వాత ఆ హక్కును కాపీరైట్ చట్టమే ఇస్తున్నది. కాపీరైట్ కాపాడేది రాతను: ఒకరి కోడును మరొకరు ఎత్తి రాసుకోవడం తప్పు, అదే పనిని సొంత కోడుతో చేయడం తప్పు కాదు. పేటెంటు పద్ధతి మీదనే 20 ఏళ్ల గుత్తాధికారాన్ని ఇస్తుంది కనుక, ఎవరి కోడునూ చూడకుండా, అటువంటి పేటెంటు ఒకటి ఉన్నదని కూడా తెలియకుండా, తమ బుద్ధితో అదే పద్ధతిని కనుగొన్నవారు సైతం ఉల్లంఘించినవారి లెక్కలోకే వస్తారు. ఈ బృందం ప్రధానంగా వ్యతిరేకిస్తున్నది దీన్నే.

ఒక మోస్తరు ప్రోగ్రాములో సైతం జాబితాను క్రమంలో పెట్టడం, బొమ్మను కుదించడం, తెర మీద వేలి కదలికను గుర్తించడం వంటి పద్ధతులు ఎన్నో ఒకదానిపై ఒకటి ఆధారపడి పనిచేస్తాయి. వాటిలో ఏది ఎవరి పేటెంటు కిందికి వస్తుందో వెతికి తేల్చుకోవడం ఒంటరిగా పనిచేసే వ్యక్తికి సాధ్యం కాదు. హక్కు ఎంతవరకు వర్తిస్తుందో చెప్పే వాక్యాలు, అంటే క్లెయిములు, న్యాయవాదులే ఏళ్లతరబడి వాదించుకునేంత విశాలంగా ఉంటాయి, పైగా దరఖాస్తులు సాధారణంగా 18 నెలల దాకా బయటికి రావు. ఎంత శ్రద్ధ చూపినా తప్పించుకోలేనిదాన్ని ఉల్లంఘన అని శిక్షించడం అన్యాయం.

ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే కుదింపు పద్ధతి చరిత్ర ఇందుకు నిదర్శనం. 1984లో ఒక సాంకేతిక పత్రికలో వ్యాసంగా వెలువడిన ఆ పద్ధతిని ప్రోగ్రామర్లు అందరి సొత్తుగా భావించి వాడుకున్నారు. కంప్యూసర్వ్ సంస్థ 1987లో జిఫ్ బొమ్మల ఫార్మాట్‌ను దానిపైనే నిర్మించింది. ఆ పద్ధతిపై అమెరికాలో 1985లోనే పేటెంటు మంజూరైందనీ, అది యూనిసిస్ అనే సంస్థ చేతికి వచ్చిందనీ, జిఫ్ ప్రోగ్రాములు తయారుచేసేవారు లైసెన్సు తీసుకోవాలనీ చాలామందికి తెలిసింది 1994 చివరలో. అప్పటికి జిఫ్ విస్తృతంగా వాడుకలోకి వచ్చేసింది. ఆ భారం నుంచి బయటపడటానికి ప్రోగ్రామర్లు 1995లో పిఎన్‌జి అనే కొత్త ఫార్మాట్‌కు పూనుకున్నారు. అది ఎన్నో విధాల జిఫ్ కన్నా మెరుగైనదే, కాని చేతిలో ఉన్నదాన్ని విడిచి మళ్లీ మొదటినుంచి కట్టుకోవలసి వచ్చిన శ్రమకు పరిహారం చెల్లించినవారు లేరు.

2011లో లాడ్‌సిస్ అనే సంస్థ ఐఫోన్ యాప్‌లు తయారుచేసే చిన్న ప్రోగ్రామర్లకు లేఖలు పంపి, యాప్ లోపలే కొనుగోలు చేసే సౌకర్యానికి తన పేటెంటు వర్తిస్తుందంటూ సొమ్ము అడిగింది. ఆ సౌకర్యాన్ని సమకూర్చింది ఆపిల్; తన లైసెన్సే వారికీ వర్తిస్తుందని ఆపిల్ వాదించినా, ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు మొదటి దావాలు ఎక్కువగా చిన్న తయారీదారుల మీదే పడ్డాయి. అమెరికాలో అమ్ముడయ్యే యాప్‌కు కోడును హైదరాబాదులో రాసినా, విజయవాడలో రాసినా, ఆ దేశపు పేటెంట్ల ప్రమాదం తప్పదు. 2014లో ఆలిస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, అమూర్త భావాన్ని కంప్యూటరు మీద నడిపినంతమాత్రాన పేటెంటుకు అర్హత రాదని తేల్చి కొంత ఊరటనిచ్చింది. ఆ ఊరట అందుకోవాలన్నా కోర్టుదాకా వెళ్లగల డబ్బుండాలి.

భారత పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె), 2002 సవరణ నాటి నుంచి, గణిత పద్ధతులనూ, వ్యాపార పద్ధతులనూ, అల్గారిథమ్‌లనూ, అంటే సమస్యను మెట్లుమెట్లుగా పరిష్కరించే విధానాలనూ, కేవలం ప్రోగ్రాముగా ఉన్న ప్రోగ్రామునూ ఆవిష్కరణలుగా గుర్తించదు. 2004 డిసెంబరు ఆర్డినెన్సు పరిశ్రమలో సాంకేతికంగా ఉపయోగపడే ప్రోగ్రాములకూ, హార్డ్‌వేరుతో కలిసినవాటికీ పేటెంటు అవకాశమివ్వగా, 2005లో పార్లమెంటు ఆ మార్పును చట్టంలోకి రానివ్వలేదు. అదే ఏడాది జులై 6న యూరోపియన్ పార్లమెంటు కూడా ఈ విషయంపై వచ్చిన ముసాయిదాను 648 ఓట్లతో తిరస్కరించింది. అయినా ప్రోగ్రాముతో పాటు కొత్త హార్డ్‌వేరు ఉండాలంటూ భారత పేటెంటు కార్యాలయం 2016 మార్గదర్శకాలలో పెట్టిన షరతు 2017లో తొలగిపోయింది. ప్రజాప్రతినిధులు నిరాకరించిన మార్పు కార్యాలయ మార్గదర్శకాల ద్వారా రావడాన్ని ఈ బృందం అంగీకరించదు.

కనుక సెక్షన్ 3(కె)ని పూర్తి అర్థంలో అమలుచేయాలని, పద్ధతిని స్వయంగా కనుగొన్నట్టు నిరూపించుకున్నవారిపై పేటెంటు చెల్లకుండా చట్టాలు మారాలని, వేర్వేరు ప్రోగ్రాములు సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి అవసరమైన ఫార్మాట్లపై ఎవరికీ గుత్తాధికారం ఉండరాదని ఈ బృందం కోరుతున్నది. మందులపై, యంత్రాలపై పేటెంట్లు ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. సభ్యులు తమ ప్రోగ్రాములపై పేటెంటు కోరరు. తాము కనుగొన్న పద్ధతులను తేదీతో సహా బహిరంగంగా ప్రచురిస్తారు, ఎందుకంటే అలా ముందే లోకానికి తెలిసినదానిపై తర్వాత దరఖాస్తు చేసినవారికి చెల్లుబాటయ్యే పేటెంటు దక్కదు. సెక్షన్ 25(1) ప్రకారం ప్రచురితమైన దరఖాస్తును మంజూరుకు ముందు ఎవరైనా వ్యతిరేకించవచ్చు కాబట్టి, కేవలం ప్రోగ్రామునే యంత్రంగా చూపించే దరఖాస్తులను గుర్తించి, ఆధారాలు సేకరించి, అభ్యంతరాలు దాఖలు చేసే బాధ్యతను సభ్యులు వంతులవారీగా స్వీకరిస్తారు.