గుండెపోటు వేళ సరిహద్దు గ్రామాల దారి ఎటు?

తిరువళ్లూరు జిల్లాలో తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె. పేట ప్రాంతాల తెలుగు కుటుంబాలకు వైద్యం కోసం రెండు దారులున్నాయి. తిరుత్తణి నుంచి తిరుపతికి సుమారు 65–70 కిలోమీటర్లు, చెన్నైకి సుమారు 85 కిలోమీటర్లు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసిన నాటి నుంచి పాలన ఒక వైపు, బంధుత్వాలు మరొక వైపు సాగుతున్నాయి. పెళ్లి సంబంధాలకూ, మగ్గం పనికీ ఈ గీత పెద్ద అడ్డంకి కాలేదు. కానీ గుండెపోటు వచ్చిన రాత్రి 'తిరుపతికా, చెన్నైకా' అని ఇంట్లో సాగే చర్చ ప్రాణానికే ముప్పు తెస్తున్నది.

పెద్ద ఆసుపత్రి కంటే ముందు

గుండెకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ ఏర్పడి దారి మూసుకుపోవడమే గుండెపోటు. గడిచే ప్రతి నిమిషం గుండె కండరంలో కొంత భాగం శాశ్వతంగా దెబ్బతింటుంది. రోగి వైద్య సిబ్బంది చేతికి అందిన 10 నిమిషాలలో ఈసీజీ తీయాలనీ, 120 నిమిషాలలో యాంజియోప్లాస్టీ జరిగే వీలు లేకపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను వెంటనే ఇవ్వాలనీ వైద్య ప్రమాణాలు చెబుతున్నాయి. నొప్పి మొదలైన 12 గంటల లోపు ఈ ఇంజెక్షన్ పని చేసే అవకాశం ఉన్నా, తొలి గంటలలో ఇచ్చినప్పుడే మేలు ఎక్కువ.

కనుక మొదట వెదకవలసింది పేరున్న ఆసుపత్రిని కాదు, ఈసీజీ యంత్రమున్న దగ్గరి ఆసుపత్రిని. కారు మాట్లాడుకొని నేరుగా నగరానికి బయలుదేరిన కుటుంబం, చికిత్స మొదలు కావలసిన సమయాన్ని రోడ్డు మీదే పోగొట్టుకుంటున్నది. దారిలో గుండె ఆగిపోతే ఆ కారులో చేయగలిగినది చాలా తక్కువ.

రెండు రాష్ట్రాల ప్రయత్నాలు

చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రితో జతపరిచే పద్ధతిని తమిళనాడులో 2012–14 మధ్య నాలుగు ఆసుపత్రుల సముదాయాలలో, 2,420 మంది రోగులతో పరిశీలించారు. ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గినట్లు 2017లో ప్రచురించిన ఆ అధ్యయనం తెలిపింది. 2023 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం 'ఇదయం కాప్పోం' పథకాన్ని ప్రారంభించింది. గుండెపోటు లక్షణాలతో వచ్చిన వారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, ఉపకేంద్రంలోనూ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మాత్రలు తొలి మోతాదుగా ఇచ్చి పెద్ద ఆసుపత్రికి పంపడం దీని ఉద్దేశం. 2022 జనవరిలో ప్రారంభమైన తిరువళ్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల జిల్లాకు మరొక బలం.

ఆంధ్రప్రదేశ్ 2023 సెప్టెంబరులో తిరుపతి తదితర కేంద్రాలతో ఇటువంటి పథకాన్నే చేపట్టింది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్ద ఆసుపత్రిలోని హృద్రోగ నిపుణుడు చూసి సలహా ఇస్తారు. సుమారు 40 వేల రూపాయల ఖరీదు చేసే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను అక్కడే ఉచితంగా ఇస్తారు.

గీత దగ్గర ఆగే సేవ

రెండు పథకాలూ మంచివే. అయితే రెండూ రాష్ట్రం పొలిమేర వరకే ఆలోచించి రూపొందినవి. 108 సేవ ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న, తమిళనాడులో 2008 సెప్టెంబరులో మొదలైంది. సంఖ్య ఒకటే అయినా నడిపే కేంద్రాలు వేరు. పొలిమేరలో ఫోను ఏ రాష్ట్రపు టవరుకు అందితే పిలుపు ఆ రాష్ట్ర కేంద్రానికే చేరవచ్చు. నగరి, తిరుత్తణి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే అయినా, అవతలి వాహనాన్ని ఇవతలికి పంపే స్పష్టమైన ఉమ్మడి ఏర్పాటు అవసరం. 2021 మే నెలలో కోవిడ్ ఉధృతి వేళ ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో నిలిపివేయగా, హైకోర్టు కల్పించుకోవలసి వచ్చింది. ఏర్పాటు ముందే లేకపోతే ఆపద వేళ ఏమవుతుందో ఆ ఉదంతం చూపింది.

బీమా కార్డుల సంగతీ ఇంతే. ఒక రాష్ట్రపు కార్డు ఆ పథకంలో చేరిన ఆసుపత్రులలోనే చెల్లుతుంది. అయితే అత్యవసర చికిత్సకు కార్డు షరతు కాదు. సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కుకు భంగమని 1996లో పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పు ప్రభుత్వాసుపత్రులకు సంబంధించినది.

ఇంటివారు చేయవలసినది

ఛాతీలో బరువు, ఎడమ చేతికీ దవడకూ పాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే 'గ్యాస్' అని సోడా తాగించి తెల్లవారే వరకు ఆగరాదు. మధుమేహం ఉన్నవారిలోనూ, స్త్రీలలోనూ నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, నిస్సత్తువ మాత్రమే కనిపించవచ్చు. రోగిని నడిపించకూడదు, ద్విచక్ర వాహనంపై కూర్చోబెట్టకూడదు. పొరుగువారి గుండె మాత్రలు తెచ్చి వేయకూడదు. 108కు ఫోను చేసి మొదట రాష్ట్రం, తాలూకా లేదా మండలం చెప్పి, ఊరి పేరును ప్రభుత్వ రికార్డులలో ఉన్నట్లు తెలపాలి. రోగి స్పృహ తప్పి శ్వాస ఆగితే ఛాతీ మధ్య రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ, అంబులెన్సు వచ్చే వరకు ఆపకూడదు.

ప్రభుత్వాలు చేయవలసినది

చిత్తూరు, తిరుపతి, తిరువళ్లూరు జిల్లాల యంత్రాంగాలు కలిసి కూర్చుంటే పరిష్కారం కష్టం కాదు. పొలిమేర గ్రామాల జాబితా ఉభయ 108 కేంద్రాల వద్ద ఉండాలి. దగ్గరున్న వాహనం ఏ రాష్ట్రానిదైనా కదలాలి. తిరుత్తణిలో తీసిన ఈసీజీ తిరుపతి నిపుణుడికీ, నగరిలో తీసినది తిరువళ్లూరు నిపుణుడికీ చేరే వీలుండాలి. గ్రామ సభలలో ఈ డిమాండును తీర్మానాలుగా చేసి ఇరు జిల్లాల కలెక్టర్లకు పంపడం పొలిమేర ప్రజల చేతిలోని పని. అంతవరకు ప్రతి ఇల్లూ తమకు దగ్గరలో రాత్రి వేళ ఈసీజీ తీసే ఆసుపత్రి ఏదో ఈ రోజే కనుక్కొని ఉంచుకోవడం మేలు.