కాముని పండుగ వేషాలకు పెద్దదిక్కు ఏదీ?

కాముని పున్నమి దగ్గరపడుతున్నదంటే మన పల్లెల్లో వారం పదిరోజుల ముందే సందడి మొదలవుతుంది. రాత్రి బువ్వలు తిన్నాక పిల్లలు కోలలు పట్టుకుని జాజిరి పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఒక ఇంట దోసెడు జొన్నలు, మరొక ఇంట పది రూపాయల నోటు. కాముని కాల్చడానికి పిడకలు, మొద్దులు పోగేస్తారు. కనిపెట్టుకుని ఉండకపోతే వాకిట్లో విరిగిన మంచం కోడు కూడా ఆ మంటలోకే పోతుంది. దానిని దొంగతనమని ఠాణాకు పోయినవారు లేరు.

మరునాడు వయసు పిల్లల వంతు. మీసాలున్నవాడే చీర కట్టి కొంగు కప్పుకుంటాడు. ఒకడు గోనెసంచి తొడిగి ఎలుగుబంటి అవుతాడు. ఒకడు ముఖాన మసి పూసుకుని, నడుం వంచి ముసలివాడై కర్ర పట్టుకుంటాడు. ముందు డప్పు, వెనుక పదిమంది దోస్తులు. కిరాణా దుకాణం, పిండిగిర్ని, పటేలు ఇల్లు, కొత్త అల్లుడు వచ్చిన ఇల్లు - ఏ ఒక్కటీ వదలరు. వచ్చిన ఇనాము నేరుగా కల్లు మండువకు చేరుతుంది. తాటికల్లు ఊట మీద ఉండే కాలం. ఒక మండువలో లొట్టి దించి, బాగాలేదని పక్క ఊరి మండువకు, అక్కడి నుంచి మరొక ఊరికి. ఇంగ్లండులో కూడా స్నేహితులు చిత్రవిచిత్రమైన వేషాలు కట్టుకుని ఒక సారాయి అంగడి నుంచి మరొక అంగడికి రాత్రి పొద్దుపోయేదాకా తిరుగుతారు. దానిని వారు 'పబ్ క్రాల్' అంటారు. పబ్బు అంటే తాగే చోటు, క్రాల్ అంటే పాకడం. చివరి అంగడి చేరేసరికి నడవలేక పాకవలసిందే గనుక ఆ పేరు సరిగ్గానే కుదిరింది. మన గుంపులకు ఇంకా అలాంటి పేరు పెట్టలేదు గాని పని అదే.

ఈ సరదాను మానుకోవాలని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఏడాదంతా పొలంలో, బొగ్గు బాయిలో, బీడీల చాటలో తలవంచుకుని ఉన్న ఊరికి ఒక్కరోజు పటేలు ముందు కూడా వెక్కిరింతలాడే హక్కు ఆ వేషం వల్లనే వస్తున్నది. అది ఉండవలసిందే. మేము అడుగుతున్నది గుంపు చివరి మజిలీ గురించి. వెనుకట ఆ మజిలీ ఊరిబావి. మోదుగుపూల రంగు రెండు చేదల నీళ్లకు వదిలేది, ఆడవాళ్లు నవ్వుతూ చూసేవారు, తాగినవాడిని అన్నో మామో రెక్క పట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. ఇప్పుడు డబ్బా రంగులు, వెండి పూతలు నాలుగు సబ్బులు అరిగినా వదలవు. చేతిలో మోటారు సైకిలు ఉంది, దానిపై ముగ్గురు. మధ్యాహ్నం ఎండలో, కడుపులో కల్లుతో, ఆ బండ్లు గోదావరికో, మానేరుకో, కాలువకో దారి పడుతున్నాయి.

2024 మార్చి 25న, హోలీనాడు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కౌటాల మండలం తాటిపల్లి వద్ద వార్ధా నదిలో స్నానానికి దిగిన నలుగురు యువకులు నీట మునిగి మరణించారు. వారు తాగారా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ నలుగురి పండుగ నీళ్ల దగ్గర ఆగిపోయింది, అది చాలు. జిల్లా పేరు, ఏటి పేరు మారుతుంది గాని హోలీ సాయంత్రం మా వంటి విలేకరులు వినే వార్త మారడం లేదు.

ఎండాకాలం ఏరు మోసగత్తె. చూడడానికి మోకాలి లోతు, ఇసుక మేటలు. కాని యంత్రాలతో ఇసుక తోడిన చోట నిలువెత్తు గుంతలు ఉంటాయి, పైన నీరు మాత్రం ఒకే తీరుగా మెరుస్తుంటుంది. రెండు అడుగులు వేసేసరికి కాలి కింద నేల ఉండదు. నిరుడు ఈత కొట్టిన రేవే కదా అని దిగుతారు, నిరుటి రేవు ఈ ఏడు ఉండదు. కాలువ సంగతి మరొకటి. పోచంపాడు నుంచి దిగువ మానేరు దాకా 146 కిలోమీటర్లు వచ్చే కాకతీయ కాలువలో యాసంగి పంటకు వారబందీ పద్ధతిన నీరు వదులుతారు. నిన్న అడుగంటి ఉన్నచోట నేడు నిండుగా పారుతుంది. గట్లకు పరిచిన సిమెంటు పాచిపట్టి జారుతుంది, పట్టుకోవడానికి చెట్టు వేరు కూడా ఉండదు. ఈత వచ్చినవాడు కూడా గట్టు ఎక్కలేక అలసిపోతాడు.

దీనికి తోడు కల్లు. చెట్టు కల్లు తాగినవాడికి తూలు వస్తుంది, అంతే. కాని మండువలన్నింటా దొరికేది చెట్టు కల్లేనా? క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్లు పట్టుబడడం మనకు కొత్త కాదు. ఇవి నిద్రమందులు. ఒళ్లు సడలిపోతుంది, ఊపిరి మందగిస్తుంది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. నేల మీద ఉన్నవాళ్ల గతే అది అయితే, ఆ మత్తుతో నీళ్లలో దిగినవాడి సంగతి చెప్పనక్కరలేదు. ఆబ్కారీ సిబ్బంది పండుగకు ముందు వారం మండువల నమూనాలు తీయడం ఎంతైనా అవసరం. పండుగ అయిన తరువాత తీసిన నమూనా పంచనామాకు తప్ప దేనికీ పనికిరాదు.

వేషం కట్టి ఊళ్లు తిరగడం ఎట్లాగో చెప్పగలవారు మన ఉత్తర తెలంగాణలోనే ఉన్నారు. దీపావళికి రాజ్‌గోండుల దండారి చూడండి. నెమలి ఈకల టోపీ, ఒళ్లంతా బూడిద, భుజాన మేకతోలు, నడుముకు గజ్జెలతో గుస్సాడీలు ఊరి నుంచి ఊరికి వెళ్తారు. ఎదురువచ్చి ఆహ్వానించడం, కూడు పెట్టడం, రాత్రి ఆట, మరునాడు సాగనంపడం, అన్నీ క్రమంగా జరుగుతాయి. వేషం కట్టినవాడు కట్టుబాటుకు లోబడతాడు. పండుగ ముగిసేదాకా స్నానం చేయడు. గుంపు వెంట ఊరి పెద్దలుంటారు, వాయిద్యగాళ్లుంటారు. ఎందరు బయలుదేరారో అందరూ కలిసే తిరిగి వస్తారు. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. ఆయన నేర్పిన ఆటలో అడుగులతో పాటు ఈ కట్టుబాటు కూడా ఉంది. అక్కడ ఎవరూ చుక్క ముట్టరని మేము అనడం లేదు. గుంపుకు లెక్క అడిగే మనిషి ఉన్నాడని మాత్రమే అంటున్నాము.

కాముని గుంపుకు ఆ మనిషి లేడు. కులసంఘం, యువజన సంఘం, పంచాయతీ - ఎవరైనా సరే, గుంపుకొకరిని తాగనివాడిని చూసి వెంట పంపవచ్చు. బయలుదేరేటప్పుడు తలలు లెక్కపెట్టాలి, తిరిగి వచ్చాక మళ్లీ లెక్కపెట్టాలి. బండ్ల తాళాలు వాని జేబులో ఉండాలి. పంచాయతీవారు మధ్యాహ్నం రెండు గంటలు వాటర్ ట్యాంకు వద్ద నల్లా విప్పి పెడితే, లేక ఎవరైనా రైతు ఊరి దగ్గరి బోరు వేసి పెడితే, రంగు కడుక్కోవడానికి ఏటిదాకా పోయే పని లేదు. కరెంటు ఖర్చు ఎంత? ఆ ఖర్చు పంచాయతీ పెట్టనంటే మండువ యజమానిని అడగండి, ఆనాటి రాబడి ఆయనదే గదా.

ఇక రేవుల దగ్గర. నీటిపారుదల శాఖవారు కాలువ వంతెనల వద్ద బోర్డులు పెట్టామంటారు. తాగినవాడు బోర్డు చదువుతాడా? ఆ ఒక్కపూట ఒక కావలి మనిషి కావాలి. ఒకడు మునుగుతుంటే కాపాడబోయి రెండోవాడు, వాని కోసం మూడోవాడు దూకడం వల్లనే ఒక్క చావు మూడు నాలుగు అవుతున్నది. దూకకూడదు. కట్టిన చీరో పంచెనో విప్పి విసరాలి, కర్ర అందించాలి, కేక వేసి జాలర్లను పిలవాలి. మూత గట్టిగా బిగించిన ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ల క్యాను మనిషిని తేల్చి పెడుతుంది. దానికి పది గజాల నులకతాడు కట్టి రేవు దగ్గరి చెట్టుకు వేలాడదీయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. క్యాను ప్రతి హోటలులో దొరుకుతుంది.