మంచం దిగనివ్వని వైద్యం

డెబ్బై ఎనిమిదేళ్ల రైతు న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరతాడు. చేరిన రోజు డాక్టరు అడిగినవాటన్నిటికీ తనే సమాధానం చెబుతాడు, మనవడి పరీక్షలు ఎలా రాశాడో కూడా కనుక్కుంటాడు. మూడో రాత్రి సెలైన్ గొట్టం పీకేసి, గేదెలకు మేత వెయ్యాలి, ఇంటికి పోతానంటూ లేస్తాడు. డ్యూటీలో ఉన్న సిస్టరూ వార్డుబాయ్ కలిసి గుడ్డతో చేతులు మంచానికి కట్టేసి, నిద్రకు ఇంజెక్షన్ ఇస్తారు. ‘వయసైపోయింది కదమ్మా, మతి తప్పుతుంది’ అని పొద్దున కూతురికి చెబుతారు. వారానికి న్యుమోనియా తగ్గుతుంది. నడిచి వచ్చిన మనిషి చక్రాల కుర్చీలో ఇంటికి చేరతాడు. పేరూ ఊరూ మారతాయి గానీ, పెద్దవాళ్లను ఆసుపత్రిలో పెట్టుకున్న చాలా కుటుంబాలకు ఇది తెలిసిన కథే.

ఆ రాత్రి వచ్చినదాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. మన పెద్దలు సంధి ప్రేలాపన అనేవారు. ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే మతిమరుపు జబ్బు వేరు, ఇది వేరు. గంటల్లో వస్తుంది, పొద్దున బాగుండి సాయంత్రానికి ఎక్కువవుతుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్, నీళ్లు చాలకపోవడం, మూత్రం బిగబట్టుకుపోవడం, నాలుగు రోజుల మలబద్ధకం, నిద్ర లేకపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు – కారణం వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. వెతకాలని తెలిసినవాళ్లు వార్డులో ఉండాలి. చేతులు కట్టడం వల్ల తిరుగుబాటు పెరుగుతుందే తప్ప తగ్గదు. మత్తు ఇంజెక్షన్ మనిషిని పడుకోబెడుతుంది, కారణం అలాగే ఉండిపోతుంది.

ఆసుపత్రి సిబ్బంది అందరికీ పెద్దవాళ్ల సంరక్షణలో శిక్షణ ఇవ్వాలన్న మాట అందుకే గట్టిగా వినిపిస్తోంది. 2011 జనాభా లెక్కల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవాళ్లు వందకు దాదాపు 10 మంది. ఆ తర్వాత ఈ వాటా పెరిగిందే గానీ తగ్గలేదు. 2024లో కేంద్రం డెబ్బై దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి రూ.5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ వైద్యాన్ని ప్రకటించింది. ఖర్చుకు భయపడి ఇంట్లోనే ఉండిపోయే పెద్దలు ఇక ఆసుపత్రి మెట్లు ఎక్కుతారు. ఎక్కాక వాళ్లకు ఎదురయ్యేది ఎవరన్నదే ప్రశ్న.

శిక్షణ కావాలనేవాళ్ల చేతిలో గట్టి ఆధారమే ఉంది. అమెరికాలోని యేల్ న్యూహేవెన్ ఆసుపత్రిలో డాక్టర్ షారన్ ఇనౌయే బృందం డెబ్బై దాటిన 852 మంది రోగులపై చేసిన అధ్యయనం 1999లో అచ్చయింది. మామూలు వార్డుల్లో వందకు 15 మందికి డెలీరియం వస్తే, వీళ్లు జాగ్రత్తలు తీసుకున్న వార్డులో 10 మందికి లోపే వచ్చింది. ఆ జాగ్రత్తల్లో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. రోజూ మూడు పూటలా లేపి నడిపించడం, నీళ్లు తాగించడం, ఇది ఏ ఊరు, ఏ రోజు అని మాటల్లో గుర్తుచేయడం, రాత్రి నిద్రమాత్ర బదులు వేడిగా ఏదైనా తాగించి వీపు నిమరడం, కళ్లజోడు, చెవి మిషను పెట్టించడం. అంతే.

కళ్లజోడు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. మన ఆసుపత్రుల్లో అడ్మిషన్ అవగానే జరిగేది దీనికి సరిగ్గా ఎదురు. ‘కళ్లజోడు, పళ్లసెట్టు, మిషను ఇంటికి పంపేయండి, పోతే మాది బాధ్యత కాదు’ అంటారు. కూతురు వాటిని రుమాలులో కట్టి తీసుకుపోతుంది. ఇక మంచంమీది పెద్దామెకు పక్కన నిలబడ్డది ఎవరో కనబడదు, అడిగింది వినబడదు, పెట్టింది నమలలేదు. రెండో రోజుకు ‘అన్నం తినడం లేదు, పిలిస్తే పలకడం లేదు’ అని కేస్ షీటులో రాస్తారు. జబ్బు ముదిరిందనుకుని ముక్కులో పైపు వేయడం గురించి ఆలోచిస్తారు. మంచం పక్కన మూతున్న డబ్బా, దానిమీద పేరు రాసిన చీటీ ఉంటే చాలు, ఇదంతా తప్పేది.

నడక సంగతీ అంతే. ఆరోగ్యంగా ఉన్న అరవై, డెబ్బై ఏళ్లవాళ్లను పది రోజులు మంచానికే పరిమితం చేస్తే కాళ్లలోంచి దాదాపు కిలో కండ కరిగిపోయిందని 2007లో వచ్చిన ఒక చిన్న అమెరికన్ అధ్యయనం చూపించింది. జ్వరంతో, తిండి లేకుండా పడుకున్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. మందుల విషయంలో అజ్ఞానం ఇంకా ఖరీదైనది. దురద అనగానే ఇచ్చే ఎవిల్ ఇంజెక్షన్, నిద్ర పట్టలేదంటే ఇచ్చే అల్ప్రాజోలామ్ పడుచువాళ్లకు పెద్దగా హాని చెయ్యవు. ఎనభై ఏళ్ల మెదడుకు అవే డెలీరియం తెచ్చిపెట్టగలవు. పెద్ద వయసులో గుండెపోటు నొప్పి లేకుండా రావచ్చు, న్యుమోనియా జ్వరం లేకుండా రావచ్చు. ఇవి తెలియని డ్యూటీ డాక్టరు ‘నీరసం’ అని రాసి గ్లూకోజు ఎక్కించి పంపేస్తాడు.

ఇంతవరకు వింటే శిక్షణ వద్దనేవారు ఉంటారా అనిపిస్తుంది. ఉన్నారు, వాళ్ల మాటలో న్యాయమూ ఉంది. ముఖ్యంగా నర్సులు చెప్పేది వినాలి. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. ముప్పై, నలభై మంచాల వార్డును రాత్రంతా ఒకే సిస్టరు చూసుకోవడం మన సర్కారు ఆసుపత్రుల్లో వింతేమీ కాదు. ఇంజెక్షన్లు, సెలైన్లు, కొత్త అడ్మిషన్లు, రిజిస్టర్లు, ఆన్‌లైన్ నమోదులు అయ్యేసరికి తెల్లవారుతుంది. ఆ సిస్టరును రెండు రోజుల వర్క్‌షాపులో కూర్చోబెట్టి, ప్రతి పెద్దాయననూ మూడు పూటలా నడిపించమని చెప్పి పంపితే ఆమెకు మిగిలేది అపరాధభావం. రేపు ఏదైనా జరిగితే ‘శిక్షణ ఇచ్చాం కదా’ అని అధికారులు చేతులు దులుపుకుంటారు. యేల్‌లో సాధించింది వార్డు నర్సులకు పాఠం చెప్పి సాధించింది కాదన్నది కూడా నిజం. ఆ పని కోసమే ప్రత్యేక బృందం, తర్ఫీదు పొందిన వాలంటీర్లు ఉన్నారు. పైగా డెలీరియం ఒకసారి వచ్చాక దాని తీవ్రతను ఆ పద్ధతి తగ్గించలేకపోయింది. రాకముందు చేసే పనికే ఫలితం, దానికి మనుషులు కావాలి.

రెండో అభ్యంతరం ఆయాలు, వార్డుబాయ్‌ల గురించి. పెద్దవాళ్లను ఎక్కువగా ముట్టుకునేది, లేపేది, తుడిచేది వీళ్లే. చాలాచోట్ల వీళ్లు ఏజెన్సీ ద్వారా వచ్చిన ఔట్‌సోర్సింగ్ మనుషులు, టెండరు మారితే మనిషీ మారతాడు. నేర్పినవాళ్లు వెళ్లిపోతుంటే ఎవరికని నేర్పుతామని సూపరింటెండెంట్లు అడుగుతారు. ఇక ఆసుపత్రి భవనం సంగతి ఉండనే ఉంది. మరుగుదొడ్డి వార్డు చివర ఉంటుంది, నేల తడిగా ఉంటుంది, గోడకు పట్టుకడ్డీ ఉండదు. ఎంత శిక్షణ పొందిన ఆయా అయినా ఆ కడ్డీని సృష్టించలేదు.

ఇవన్నీ నిజాలే. అయినా ఇవి శిక్షణను వాయిదా వేయడానికి కారణాలని నేను ఒప్పుకోను. పోస్టులు నిండాకే నేర్పుదామంటే ఇప్పుడు మంచాలమీద ఉన్నవాళ్ల బతుకు అయిపోతుంది. పైగా కొన్ని మెలకువలు పని భారాన్ని తగ్గిస్తాయి. కిందికి జారిన రోగిని చంకల్లో చేతులు పెట్టి ఒక్కరే పైకి లాగడం మనం రోజూ చూసేదే. పండు చర్మం చిట్లుతుంది, భుజం పట్టేస్తుంది, లాగినవాడి నడుమూ పోతుంది. అదే నడుము కింద మడిచిన దుప్పటి పరిచి ఇద్దరు చెరో అంచూ పట్టుకుని ఎత్తితే ఎవరికీ నొప్పి లేదు. పావుగంటలో నేర్పవచ్చు. అవసరం లేని యూరిన్ పైపు రెండో రోజే తీసేస్తే ఇన్ఫెక్షనూ తగ్గుతుంది, పనీ తగ్గుతుంది. ఏజెన్సీ మనుషులు మారుతున్నారంటే, నేర్చుకున్నవారినే పంపాలని టెండరులో ఒక షరతు రాయవచ్చు.

నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచే అభ్యంతరం వేరే ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. రోగి మంచంమీదే ఉండి కండ కరిగిపోతే ఎవరికీ మెమో రాదు. నడిపిస్తుండగా పడితే ఆ సిస్టరుకు వస్తుంది. బంధువులు గొడవకు దిగుతారు. అందుకే డైపరు వేసి, రెయిలింగు ఎత్తి, ‘కదలొద్దు తాతా’ అంటారు. ఈ భయం మన ఒక్కరిదే కాదు. ఆసుపత్రిలో పడి గాయపడితే ఆ అదనపు వైద్యానికి డబ్బు ఇవ్వబోమని అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ 2008లో నిబంధన తెచ్చింది. దాంతో పెద్దవాళ్లను మంచానికి కట్టిపడేస్తారేమోనని అక్కడి వృద్ధుల వైద్య నిపుణులే హెచ్చరించారు. సిబ్బందికి ‘నడిపించండి’ అని నేర్పుతూ, పడితే శిక్షిస్తామంటే వాళ్లు శిక్షనే గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి మొదటి తరగతి సూపరింటెండెంటుకూ, ఆర్‌ఎంఓకూ, మేనేజ్‌మెంటుకూ పెట్టాలి. జాగ్రత్త తీసుకున్నా పడ్డ సందర్భానికీ, నిర్లక్ష్యానికీ తేడా చూసే పద్ధతి వాళ్లు ముందు రాసి చూపాలి.

అన్ని వార్డులవాళ్లకూ నేర్పే బదులు వృద్ధులకు వేరే వార్డులు, వేరే నిపుణులు ఉంటే చాలదా అనేవారూ ఉన్నారు. దేశంలో ఆ దారి వేసింది మద్రాసు మెడికల్ కాలేజీ. 1978లో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ అక్కడ వృద్ధుల వైద్య విభాగం మొదలుపెట్టారు, 1996లో ఎండీ కోర్సూ వచ్చింది. 2010–11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రిలో పది మంచాల వార్డు ఉండాలంది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం (2007) 20వ సెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు వేరే క్యూ, జిల్లా ఆసుపత్రిలో అనుభవం ఉన్న వైద్యాధికారి కింద సదుపాయం ఉండాలంటుంది. ఇవన్నీ రావాలి, అడగాలి కూడా. కానీ తుంటి ఎముక విరిగిన అవ్వ ఉండేది ఆర్థో వార్డులో, కంటి శుక్లాల తాత ఉండేది కళ్ల వార్డులో. పది మంచాల్లో జిల్లా పెద్దలందరూ పట్టరు. నిపుణుడు ఒక్కడు దొరికితే అతన్ని పది మంచాలకు కాపలా పెట్టడం కంటే అన్ని వార్డులకూ గురువుగా తిప్పడం మేలు.

‘మన దగ్గర ఇంటివాళ్లు పక్కనే ఉంటారు, ఆ దేశాల పద్ధతులు మనకెందుకు’ అన్న మాటలో సగమే నిజం. అటెండెంటు పాసుతో రాత్రంతా నేలమీద చాప వేసుకుని పడుకునే కొడుకు, కోడలు మన వార్డులకు పెద్ద బలం. యేల్ వాలంటీర్లు చేసిన పని వాళ్లు ఊరికే చేసిపెడతారు, ఎలాగో చెప్పేవాళ్లుంటే. రెండో సగం వేరు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో, హైదరాబాదు కాలనీల్లో పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే, పెద్దలు కార్పొరేట్ ఆసుపత్రి గదుల్లో డబ్బిచ్చి పెట్టుకున్న అటెండరుతో ఉంటున్నారు. ఐసీయూలోకి అయితే ఎవరినీ రానివ్వరు. అక్కడ ఆ మనిషికి తెలిసిన ముఖం ఒక్కటీ ఉండదు.

పైనుంచి దిగిన పాఠాలను మాత్రం అలాగే చెప్పకూడదు. మతి సరిగా ఉందో లేదో చూడ్డానికి తేదీ ఎంత, నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పు అని బడి ముఖం చూడని అవ్వను అడిగితే ఆమె తప్పే చెబుతుంది. ఏ కార్తె నడుస్తోంది, దసరా అయిందా రావాలా, వారాలు వెనక్కి చెప్పు అంటే చెప్పగలదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురానివాళ్ల కోసం 1990ల్లో ఇలాంటి పరీక్షను హిందీలో తయారుచేశారు. వార్డు సిస్టరు రెండు నిమిషాల్లో అడగగలిగే తెలుగు ప్రశ్నలు ప్రతి శిక్షణ కాగితంలోనూ ఉండాలి.

ఇంకో జాగ్రత్త. అమెరికాలో 2025 నుంచి ఆసుపత్రులు తాము పెద్దలకు అనుకూలంగా ఉన్నామో లేదో మెడికేర్‌కు చెప్పాలి. చెప్పేది తమ గురించి తామే. మన దగ్గర అదే జరిగితే బ్యానరు, గ్రూపు ఫొటో, సర్టిఫికెట్లతో పని పూర్తవుతుంది. నా లెక్కలో శిక్షణ ఫలించిందో లేదో తేల్చేది రెండే ప్రశ్నలు. నడిచి వచ్చిన పెద్దల్లో ఎంతమంది నడిచి వెళ్లారు? ఎంతమంది చేతులు కట్టాల్సి వచ్చింది? నెలకోసారి వార్డువారీగా ఈ రెండు అంకెలు గోడమీద పెట్టగలిగితే శిక్షణ మొదలుపెట్టండి. పెట్టలేమంటే ఆ డబ్బుతో మరుగుదొడ్లలో పట్టుకడ్డీలు బిగించండి, అదైనా మిగులుతుంది.

ఆసుపత్రులు మారేదాకా మనమూ ఊరుకోనక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లను చేర్చేటప్పుడు కళ్లజోడు, చెవి మిషను, వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట ఉంచండి. నిన్నటిదాకా తన పనులు తాను చేసుకునేవారని, ఎంత దూరం నడిచేవారో, మాట ఎంత తీరుగా ఉండేదో చెప్పి, అది కేస్ షీటులో రాయమని డాక్టరును అడగండి. ఆ నాలుగు మాటలు కాగితంమీద ఉంటే, తర్వాత వచ్చిన మార్పును వయసు ఖాతాలో వేయడం ఎవరికీ అంత సులువు కాదు.