అంటార్కిటికా గనుల నిషేధం 2048తో ముగియదు

జంషెడ్‌పూర్: నోవాముండి వంటి గనుల ఖనిజంతో ఎదిగి, తరతరాలుగా అనేక తెలుగు కుటుంబాలకు జీవనోపాధి కల్పించిన ఈ ఉక్కు నగరానికి ఇనుప ఖనిజం విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అటువంటి ఖనిజమే తూర్పు అంటార్కిటికాలోని ప్రిన్స్ చార్లెస్ పర్వతాలలోనూ ఉన్నట్లు భూగర్భ శాస్త్రజ్ఞులు ఏనాడో గుర్తించారు. దానిని తవ్వుకునే హక్కు మాత్రం నేడు ఏ దేశానికీ లేదు. ఈ నిషేధం 2048తో ముగిసిపోతుందన్న ప్రచారం విస్తృతంగా సాగుతోంది. ఒప్పందాన్ని పరిశీలిస్తే అది వాస్తవం కాదని తేలుతుంది.

అంటార్కిటికా ఒప్పందంపై 1959 డిసెంబరు 1న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకాలు చేశాయి. 1961లో అది అమలులోకి వచ్చింది. బ్రిటన్, ఆస్ట్రేలియా, అర్జెంటీనా సహా ఏడు దేశాలు ఆ ఖండంలోని భూభాగాలు తమవేనంటున్నాయి. ఒప్పందం ఈ వాదనలను అంగీకరించలేదు, తోసిపుచ్చనూ లేదు. వాటిని యథాతథంగా పక్కన పెట్టి, సైనిక కార్యకలాపాలను నిషేధించి, శాస్త్ర పరిశోధనకు అందరికీ స్వేచ్ఛ కల్పించింది. 1983లో చేరిన భారత్‌కు అదే ఏడాది నిర్ణయాధికారం లభించింది. ప్రస్తుతం అటువంటి హోదా గల దేశాలు 29. వీటి నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే జరగాలి.

నియంత్రణలతో గనుల తవ్వకాన్ని అనుమతించేందుకు 1988లో వెల్లింగ్టన్‌లో ఒక ఒడంబడిక కుదిరింది. ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ నిరాకరించడంతో అది అమలుకు నోచుకోలేదు. దాని స్థానంలో 1991లో కుదిరి 1998లో అమలులోకి వచ్చిన మాడ్రిడ్ ప్రోటోకాల్, శాస్త్ర పరిశోధనకు తప్ప ఖనిజ కార్యకలాపాలన్నిటినీ నిషేధించింది.

ఈ నిషేధానికి గడువు లేదు. 2048 తరువాత నిర్ణయాధికారం గల ఏ దేశమైనా సమీక్షా సమావేశాన్ని కోరవచ్చునన్నదే అసలు నిబంధన. అక్కడ సవరణ ఆమోదం పొందాలంటే సభ్యదేశాలలో మెజారిటీతోపాటు, 1991 నాటి 26 నిర్ణాయక దేశాలలో నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. అది అమలులోకి రావాలంటే ఆ 26 దేశాలూ ధ్రువీకరించి తీరాలి. వాటిలో భారత్ ఒకటి. అంటే మన దేశం ఒక్కటే కాదన్నా సవరణ ఆగిపోతుంది. పైగా, ఖనిజ కార్యకలాపాలను నియంత్రించే కట్టుదిట్టమైన చట్ట వ్యవస్థ ముందుగా ఏర్పడితే తప్ప నిషేధాన్ని తొలగించరాదు.

అయితే ఇందులో ఒక లొసుగు లేకపోలేదు. ఆమోదం పొందిన సవరణ మూడేళ్లలో అమలులోకి రాకుంటే, ఏ దేశమైనా ప్రోటోకాల్ నుంచి వైదొలగుతున్నట్లు నోటీసు ఇవ్వవచ్చు. రెండేళ్లకు ఆ దేశానికి నిషేధం వర్తించదు.

ఏకాభిప్రాయ సూత్రం కూడా రెండంచుల కత్తివంటిదే. అది తొందరపాటును అడ్డుకుంటుంది, అవసరమైన రక్షణనూ అడ్డుకుంటుంది. ఎంపరర్ పెంగ్విన్లకు ప్రత్యేక రక్షణ కల్పించాలన్న ప్రతిపాదన 2022 బెర్లిన్ సమావేశంలో చైనా సమ్మతించక నిలిచిపోయింది. 2024 మే నెలలో భారత్ ఆతిథ్యమిచ్చిన కొచ్చి సమావేశంలో కెనడా, బెలారస్‌లకు నిర్ణయాధికారం ఇచ్చే విషయమై అంగీకారం కుదరలేదు.

మంచు కింది ఖనిజాన్ని తవ్వి, గడ్డకట్టిన సముద్రం మీదుగా తరలించడం నేటి ధరలకు గిట్టుబాటు కాదు. కాబట్టి నిషేధాన్ని పాటించడం ప్రస్తుతం ఏ దేశానికీ భారం కాదు. భూమిపై సులభంగా దొరికే నిల్వలు తరిగిపోయిన నాడే దానికి అసలు పరీక్ష. మైత్రి, భారతి కేంద్రాలను నిర్వహిస్తూ, 2022లో ప్రత్యేక చట్టం కూడా చేసిన భారత్ ఆనాడు ఏ పక్షాన నిలుస్తుందన్నది కీలకం కానుంది.